ఆసుపత్రి పడవకు పన్నెండు నెలల జీతం

నన్ను పట్టుకోగలిగిన మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాట నేను హుజూరు కచేరీలో, అంటే కలెక్టరు ఆఫీసులో, నకలు గుమాస్తాగా చేరిన రోజున, పొద్దున్న పదింటికి, తోటి గుమాస్తాలందరి ముందూ ప్రకటించాను. పదీ పదికల్లా మా గుమాస్తాలకు పెద్ద, శిరస్తాదారు పేర్రాజు పంతులుగారు నా చెవి పట్టుకున్నారు. ఆయన బుడ్డిలో సిరా పారబోసి నేరేడుపళ్ళ రసం పోసింది నేనేనని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టదు. నా చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉండటానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

నా పేరు దంటు భావనారాయణ. పంతొమ్మిదేళ్ళు, ఎనిమిది రూపాయల జీతం. జిల్లాలో కలెక్టరు దొర మొదలు బావులు శుభ్రం చేసేవాడి వరకు తెల్లవాళ్ళ సర్కారు ఎవరికి ఏ నెల ఎంత ఇచ్చిందో జీతాల రిజిస్టరులో రాయడం నా పని. చిన్న పనని అనుకోకండి. మా కచేరీలో రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు. నాకు ముందున్న గుమాస్తా ఒక బంట్రోతును పొరపాటున చనిపోయినట్టు రాశాడు. పాపం ఆ మనిషి నాలుగేళ్ళ పాటు ప్రతి ఒకటో తారీకునా జీతానికొచ్చి నిలబడేవాడు. పంతులుగారు ఎంతో మర్యాదగా, "పోయినవాడివి, ఇలా ఎండనపడి తిరక్కూడదయ్యా" అని మజ్జిగ ఇప్పించి పంపేవారు.

జనవరిలో, బడ్జెట్టు రాసే రోజుల్లో, మద్రాసు నుంచి అద్దం వచ్చింది. గడ్డిలో చుట్టి, ఎద్దుబండి మీద, నలుగురు జవాన్ల కాపలాతో. చూడటానికి టేకు పెట్టె. దాని మూతకు బదులు బెత్తెడు మందాన పచ్చగాజు. పెట్టెలో ఖాళీ కాగితం పెట్టి, పక్కనున్న పిడి తిప్పితే, గాజులోంచి ఆ కాగితం మీద లేతనీలపు అక్షరాలు తేలేవి. ముందుముందు ఆ కాగితం మీద ఎవరో రాయబోయే అక్షరాలు.

నమ్మకం కోసం ముందు ఒక తెల్లకాగితం పెట్టి చూశారు. "దుప్పట్లు పదకొండు, చొక్కాలు నాలుగు" అని కనబడింది. ఆ సాయంత్రం దొరగారి బట్లరు ఏమీ తెలియకుండా అదే కాగితం తీసుకుని చాకలి పద్దు రాసుకున్నాడు. దుప్పట్లు పదకొండు, చొక్కాలు నాలుగు. మా ఆఫీసులో ఇద్దరు అక్కడికక్కడే అద్దానికి దణ్ణం పెట్టారు. వారిలో నేనొకణ్ణి.

మా కలెక్టరు క్రాంప్టన్ దొర ఒక మునిషీ దగ్గర పాత పుస్తకాల్లోంచి తెలుగు నేర్చుకున్నాడు. మంచినీళ్ళు అడిగినా పురాణం చదివినట్టుండేది.

"ప్రతి సంవత్సరమును మనము అంచనాలు వేయుచున్నాము. ప్రతి అంచనాయు తప్పుచున్నది" అన్నాడు. "ఇకమీదట అంచనా అక్కరలేదు. జరుగబోవు దానినే చూచి బడ్జెట్టు వ్రాసికొందము."

వచ్చే ఏడాదికి కుట్టి ఉంచిన ఖాళీ జీతాల రిజిస్టరు తెచ్చి పెట్టెలో పెట్టాను. పిడి తిప్పాను. అక్షరాలు తేలాయి. ఆ కోడిగీతల రాత నాదే. వచ్చే ఏడు కూడా నా ఉద్యోగం ఊడదన్నమాట. మా ఇంట్లో చెబితే కొబ్బరికాయ కొడతారు.

ఆ సంతోషం ఆసుపత్రి పడవ పద్దు దాకానే. గోదావరి మధ్యలో పదకొండు లంకలున్నాయి. వాటికి వైద్యుడన్నా మంత్రసానన్నా మందన్నా ఆ ఒక్క పడవే. దాని మీద మంత్రసాని మేరమ్మ, ఒక కాంపౌండరు, పడవ నడిపే ఇద్దరు సరంగులు. నలుగురికీ కలిపి నెలకు ముప్ఫై తొమ్మిది రూపాయలు. అద్దంలో ఏప్రిల్, మే, జూన్ జీతాలున్నాయి. జూలైకి ఎదురుగా నా చేత్తోనే "రద్దు" అని ఉంది. ఆ తరువాత ఎనిమిది గళ్ళూ ఖాళీ. అట్టడుగున కొత్త పద్దు ఒకటి: కలెక్టరు బంగళాకు వరండా, మూడువందల యాభై ఒక్క రూపాయలు. రద్దయిన తొమ్మిది నెలలకూ తొమ్మిది ముప్ఫై తొమ్మిదులు సరిగ్గా అంతే.

నేను గొంతు సవరించుకున్నాను. "పడవను ఎవరు రద్దు చేస్తారండీ?"

"రిజిస్టరు చెప్పుచున్నది గదా" అన్నాడు దొర.

"రిజిస్టరు ఎవరు రాస్తారండీ?"

"నువ్వేరా" అన్నారు పంతులుగారు.

"నన్ను అలా రాయమనేదెవరండీ?"

"బడ్జెట్టు."

"బడ్జెట్టులో అలా పెట్టమనేది?"

"రిజిస్టరు చెప్పుచున్నది గదా" అన్నాడు దొర, మందబుద్ధికి చెప్పినట్టు ఓపిగ్గా. "వచ్చు సోమవారము మరల చూచి, నకలు తీసి, మద్రాసునకు పంపుదము."

అంటే ఆ పడవను రద్దు చేసిన మనిషి ఎక్కడా లేడు. ఎవరూ చెయ్యలేదు, కానీ అయిపోయింది. నా జీవితంలో నేను చేసిన ఏ కొంటెపనికీ ఇంత శుభ్రమైన పనితనం లేదు. ఒప్పుకోక తప్పదు.

మిగతావారికి అది ముప్ఫై తొమ్మిది రూపాయల పద్దు. నాకు మా అక్క. శేషమాంబక్క మొగుడు ఈతలంక కరణం. పడవ లేని రోజుల్లో ఆవిడకు రెండు కాన్పులూ పోయాయి. రెండోసారి ఆవిడే పోవలసింది. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. శ్రావణంలో పురుడు. శ్రావణమంటే ఆగస్టు. ఆగస్టంటే వరద.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక అద్దం ముందు కూర్చున్నాను. అందులో కనబడేది నా రాత. మరి నేను ఇంకోటి రాద్దామనుకుంటే? పేర్రాజు పంతులుగారి మీసాల గురించి నాకు ఎప్పటినుంచో ఒక కోరిక ఉంది. మేనెల పేజీ తెరిచి, మనసులో గట్టిగా అనుకుని, పిడి తిప్పాను. లేతనీలంగా తేలింది: "శిరస్తాదారుగారి మీసాలకు ఆముదం, ఆరణాలు."

కుర్చీలోంచి కింద పడ్డాను. లేచి ఇంకోటి ప్రయత్నించాను. "భావనారాయణకు స్వారీ నిమిత్తం ఏనుగు, ఒకటి." కాగితం తెల్లగా ఉండిపోయింది. ఏనుగు నిజంగా రాసే ధైర్యం నాకు లేదు. ఆముదం మాత్రం తప్పకుండా రాసేవాణ్ణి. అప్పుడు అర్థమైంది. ఆ అద్దానికి లోకం కనబడదు. రాసేవాడు కనబడతాడు. వాడు ఉత్తినే అనుకునేది కాదు, నిజంగా ఏం రాస్తాడో అది.

ఇంకేముంది! పడవ పేజీ తెరిచి, "పన్నెండు నెలలూ రాస్తాను" అనుకుని పిడి తిప్పాను. జూన్ దాకా వచ్చింది. జూలైలో "రద్దు".

మళ్ళీ తిప్పాను. "రద్దు".

ఆ వారం అంతా భోజనాలు మానేసి తిప్పాను. హుకుం లేని జీతం రిజిస్టరులో రాస్తే ఫోర్జరీ. ఏడేళ్ళ జైలు. నేను పళ్ళు బిగించి, ఛాతీ విరుచుకుని, మీసం లేకపోయినా మెలేసి, "రాస్తాను" అంటుంటే, అద్దం మాత్రం నా గురించి ఉన్నదున్నట్టు చూపించేది. దేశంలో ఎంతమందిని బురిడీ కొట్టించాను! ఒక గాజుపలకను కొట్టించలేకపోయాను.

ఆదివారం పడవెక్కి ఈతలంక వెళ్ళాను. అక్క అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూడగానే కళ్ళు చిట్లించింది.

"మొహం అలా పెట్టావేంట్రా? ఎవరి పంచెకి నిప్పెట్టావు?"

"ఎవరి పంచెకీ పెట్టలేదక్కా."

"అయితే జొరవా?" అని నుదుటి మీద చెయ్యేసి చూసింది. "ఇదిగో, నా గురించి బెంగెట్టుకున్నావేమో. ఈసారి నాకు భయం లేదురా. శ్రావణంలో వరదొచ్చినా మేరమ్మ పడవ ఆగదు. బిడ్డ అడ్డం తిరిగినా సరిచేస్తుందట. చేతులు చూశావా దానివి? తెడ్లలా ఉంటాయి."

"పడవ ఆగదక్కా. ఒట్టు..." అనబోయాను.

అక్క గబుక్కున నా నోరు మూసింది. "ఒట్టెయ్యకు నాయనా! నువ్వు ఒట్టేస్తే నాకు ఉన్న నమ్మకం కాస్తా పోతుంది."

పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. గోదావరి అంత లోతు నవ్వు కాదది.

తిరిగి ఆసుపత్రి పడవలోనే వస్తూ మేరమ్మకు ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ సీసాల్లో మందు కొలుచుకుంటూనే విన్నది.

"ఆ అద్దం నాకెరికే బాబుగారూ. పక్క జిల్లాకి నిరుడే వొచ్చింది. మా చెల్లెలుంటాది అక్కడ. బావుల్లో మందేసేవోళ్ళు అద్దంలో కనపళ్ళేదని తీసేశారంట. మే నెల్లో కలరా వొచ్చింది. మా చెల్లెలి కొడుకులిద్దరూ ఒక్క రోజే పోయారు."

"మొత్తం ఎంతమంది పోయారు?"

"ఎవురికి తెలుసు? సావులు రాసే గుమాస్తాని గూడా తీసేశారు గందా. ఎవురూ పోనట్టే లెక్క."

ఎప్పుడూ లేనిది, ఒక్క హాస్యమూ తట్టలేదు.

"జీతం లేపోతే నువ్వు రావడం మానేస్తావా?" అని అడిగాను చివరికి.

"నేనొస్తాను. నా పొట్టెంత? సరంగులకి పిల్లలున్నారు. పడవ సర్కారుది. శ్రావణం వరదలో మీ అప్ప కాడికి నన్ను ఈదుకుంటా పొమ్మంటావా?" అని సీసాకు బిరడా బిగించింది. "ఆ రిజిస్టరు రాసేది తవఁరే గందా! ఇంకెవుర్నో అడుగుతున్నట్టు మాట్టాడతావేంటి?"

సోమవారం తొమ్మిదింటికే కచేరీకి పోయాను. ఈసారి ఛాతీ విరుచుకోలేదు. పిడి పట్టుకుని, జూలై ఒకటో తారీకు ఎలా ఉంటుందో ఊరికే చూసుకున్నాను. పంతులుగారు నా ఎదురుగా ఉంటారు. నా చేతులు వణుకుతాయి. సిరా చుక్క పడుతుంది. పోలీసులొస్తారు. అమ్మ ఏడుస్తుంది. అయినా కలం గడి మీదకు పోతుంది. ఎందుకంటే ఇంకెవరూ రాయరు గనక. నాకు చచ్చేంత భయంగా ఉంది, భయంతోనే రాస్తాను.

పిడి తిప్పాను. జూలై: ముప్ఫై తొమ్మిది రూపాయలు. పక్కనే చిన్న సిరా మరక కూడా కనబడింది. ఆగస్టు. సెప్టెంబరు. ఒక్కొక్కటే నీళ్ళలోంచి చేప పైకొచ్చినట్టు వచ్చాయి. మార్చి తేలేసరికి కచేరీ గంట కొట్టారు. అడుగున వరండా వెలిసిపోయి, మాయమైంది.

దొర వచ్చి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నా వరండా ఎచటికి పోయినది?"

"చిత్తం. కాలమహిమండి" అన్నారు పంతులుగారు.

"గత సోమవారము ఉండెను!"

"గత సోమవారానికి వచ్చే ఏడు ఇంకో వారం దూరంగా ఉందండి. ఇప్పుడు దగ్గరికొచ్చింది. స్పష్టంగా కనబడుతోంది."

దొర ఆ మాటకు తలూపాడు. సర్కారు నియమం ప్రకారం అద్దం తప్పు చెప్పదు. నకలు తీసి మద్రాసుకు పంపారు. అప్పుడు చూశాను. పంతులుగారి బొటనవేలు ఇంతసేపూ మేనెల పేజీ మీద, ఒక చోట, గట్టిగా నొక్కి ఉంది. ఆముదం పద్దు మనసులోంచి తీసెయ్యడం నేను మర్చిపోయాను. ఆయన నాకేసి చూడలేదు. మీసం మాత్రం ఒకసారి నిమురుకున్నారు.

మార్చిలో మంజూరు వచ్చింది. పడవకు పన్నెండు నెలలు, వరండాకు సున్న.

మేనెల వచ్చింది. మా ఊళ్ళో మేనెలంటే కాకులు ఎగురుతూనే వేగిపోతాయి. కింద పడేసరికి నంజుకు తయారు. వరండా లేని బంగళాలో క్రాంప్టన్ దొర ఎర్రగా, ఆపైన ఇంకా ఎర్రగా కాలాడు. నిద్ర పట్టని మనిషికి ఆలోచనలు పడతాయి. ఒకరోజు పొద్దున్నే ఆ పై ఏటి ఖాళీ రిజిస్టరు తెప్పించి, నన్నూ, ఉప్పు శాఖ గుమాస్తా లింగమూర్తినీ పిలిపించాడు. లింగమూర్తి దొర తుమ్మితే తన ముక్కు తుడుచుకునే రకం.

"లింగమూర్తీ, రాబోవు యేడు ఈ రిజిస్టరు నీవు వ్రాయుదువు. నాకు వరండా వ్రాయుము."

"తప్పకుండా దొరా!"

పిడి తిప్పాడు. వరండా తేలింది. లింగమూర్తి భక్తి కొద్దీ దాని పక్కన ఒక నీళ్ళ ఫౌంటెను కూడా తేలింది. పడవ లేదు.

"కాదు. భావనారాయణయే వ్రాయును."

పిడి తిప్పాడు. వరండా పోయింది, ఫౌంటెను పోయింది, పడవ వచ్చింది.

"లింగమూర్తి." వరండా. "భావనారాయణ." పడవ. నాలుగుసార్లు తిప్పి, కుర్చీలో వెనక్కు వాలాడు.

"ఇందు కాలము కనబడుట లేదు. గుమాస్తా కనబడుచున్నాడు. నీవు ఎరిగియే చేసితివా?"

అబద్ధాలు నాకు నాలుక చివర ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ అవసరం పడలేదు. "అవును దొరా. తెలిసే చేశాను. ఆ సోమవారం మళ్ళీ వచ్చినా మళ్ళీ చేస్తాను."

"నేడే మద్రాసునకు వ్రాసెదను. జూలై నుండి పడవ రద్దు. నీకు జైలు."

రిజిస్టరులో సిరా మరక చూసినప్పుడే వణకడం అలవాటైంది కాబట్టి నిలబడగలిగాను. అప్పుడు పంతులుగారు దగ్గారు.

"దొరవారు తమ ఇష్టం. కాకపోతే నూటపద్నాలుగో స్టాండింగ్ ఆర్డరు ఒకటుందండి. విచారణలో ఉన్న పద్దును, ముద్దాయి వాంగ్మూలం పూర్తయి సంతకం పడేవరకూ కదపకూడదు. కదిపితే ఆడిటువారు ఆ డబ్బు కదిపినవారి జీతంలోంచి..."

దొర మొహం మొదటిసారి తెల్లబడింది. "అటులైన వాంగ్మూలము వెంటనే తీసికొనుడు!"

"చిత్తం. రోజుకో గంటండి, పదకొండు నుంచి పన్నెండు దాకా. అదీ ఆర్డరులో ఉంది." పంతులుగారు కాగితాల కట్ట ముందు పెట్టుకుని, నాకేసి తిన్నగా చూశారు. "నేరం ఎప్పుడు మొదలైందో అక్కణ్ణుంచి చెప్పాలి. ఏదీ వదలకూడదు. అర్థమైందా?"

అర్థమైంది. మొదటి గంటలో అద్దం సంగతి మొత్తం, ఒక్క ముక్క దాచకుండా, చెప్పేశాను. రెండో రోజు నుంచి, నేను ఈ స్థితికి ఎలా దిగజారానో వివరించడం మొదలుపెట్టాను. మూడో ఏట ఉయ్యాల గొలుసు విప్పిన సంగతి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో ఏట పురోహితుడి గొడుగులో తేలు కథకు వారం. జూన్ వెళ్ళింది. నేను ముద్దాయిని గనక, జూలై ఒకటిన పడవ జీతం నా బదులు పంతులుగారే రాశారు. ఆయన చేతి కింద కూడా సిరా చుక్క పడింది. ఆగస్టులో వరద వచ్చింది. నేను ఏడో ఏట దోచిన మామిడితోటలో చెట్టుచెట్టుకూ పేరు పెట్టి, కాయల లెక్క చెబుతున్నాను.

అరవై మూడో రోజు పదకొండున్నరకు మేరమ్మ తడిసిన చీరతో కచేరీ మెట్లెక్కి వచ్చింది. బంట్రోతు ఆపబోతే చేత్తో పక్కకు జరిపింది.

"ఆడపిల్ల బాబుగారూ! కాళ్ళు ముందొచ్చాయి. తెల్లారేదాకా తిప్పలెట్టింది. తల్లీపిల్లా ఇద్దరూ బాగున్నారు. మేనమామ పోలికంట, పుట్టగానే నా వేలు కరిసింది."

నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. కాసేపటికి లేచి, "పంతులుగారూ, ఇక సంతకం పెట్టేస్తాను. ఎక్కడ?" అన్నాను.

పంతులుగారు కలం అందివ్వలేదు. మేరమ్మ కొంగు పిండుకుంటూ, "అప్పుడే పెట్టేత్తావా? నక్కలంకలో ఇంకో నలుగురున్నారు నిండు నెలల్తో" అంది.

కలం కోసం చాచిన చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడు క్రాంప్టన్ దొర లోపలికి వచ్చాడు. బూట్ల నిండా బురద. చేతిలో నా వాంగ్మూలం నకలు, ఎనిమిది వందల పేజీలు.

"నీవు దోచితినన్న మామిడితోట ఆ గ్రామమందు లేదు. నేను స్వయముగా గుర్రముపై పోయి చూచితిని. అచ్చట ఎన్నడును మామిడిచెట్టు మొలవలేదు. నిజము చెప్పుము!"

ఇక దాచి లాభం లేకపోయింది.

"దొరికిపోయాను దొరా. తోట అబద్ధం. గొడుగులో తేలు అబద్ధం. ఉయ్యాల గొలుసు మా అన్నయ్య విప్పాడు. మొదటి రోజు చెప్పింది తప్ప ఈ వాంగ్మూలంలో ఒక్క ముక్క కూడా నిజం కాదు. పడవ ఆగకూడదని సాగదీశాను. ఒప్పుకుంటున్నాను. తప్పుడు వాంగ్మూలం మీద సంతకం చెయ్యడం ఇంకో నేరం కదండీ, అందుకని చెయ్యలేను. మళ్ళీ మొదటినుంచీ, ఈసారి అచ్చంగా నిజమే చెబుతాను."

దొర నోరు తెరిచి, పంతులుగారి వైపు తిరిగాడు. పంతులుగారు అప్పటికే పాత కట్ట పక్కకు పెట్టి, కొత్త కట్ట విప్పి, కలం సిరాలో ముంచారు.

"పేరు?" అన్నారు.

"కొంచెం ఆలోచించుకుని చెబుతానండీ" అన్నాను.